మోటర్‌హోమ్‌లో ఎల్లోస్టోన్: అమ్మానాన్నలతో వేసవి యాత్రకి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మార్చి దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అమ్మావాళ్లు వస్తున్నారండీ, జులైలో ఆర్‌వీ తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్దామనుకుంటున్నాం, మీరు వెళ్లొచ్చారటగా?" అని. వెళ్లొచ్చాం, వేడినీటి బుగ్గలు, అడవిదున్నలు ఉన్న ఆ నేషనల్ పార్కుకి రెండుసార్లు. మేం ఉండేది డాలస్‌లో. రెండుసార్లూ సాల్ట్ లేక్ సిటీ దాకా విమానంలో వెళ్లి, అక్కడ బండి అద్దెకి తీసుకున్నాం. మొదటిసారి మా అమ్మానాన్నలతో, రెండోసారి మా అత్తగారు మామగారితో. రెండో యాత్ర హాయిగా సాగిందంటే ఆ పుణ్యం మొదటి యాత్రలో పడ్డ పాట్లదే.

అడిగినవాళ్లందరికీ ముందు ఒక్క మాట చెబుతుంటాను. మోటర్‌హోమ్‌ని కారులా తిప్పాలని చూడకండి. అది ఇల్లు. రోజుకో ఊళ్లో ఇల్లు కట్టి విప్పితే ఎంత చాకిరీయో, రోజుకో క్యాంప్‌సైట్ మారితే అంతే చాకిరీ. కింద జవాబులన్నీ ఈ లెక్కలోనే ఉంటాయి.

ఆర్‌వీ, మోటర్‌హోమ్, క్యాంపర్ వ్యాన్... ఇందులో మాకు ఏది కావాలి?

ఆర్‌వీ అంటే లోపలే పడుకుని, వండుకునే వీలున్న బండ్లన్నిటినీ కలిపి పిలిచే పేరు. వాటిలో ఇంజిన్ తనకే ఉండి, తనంతట తాను నడిచేది మోటర్‌హోమ్. పెద్ద టూరిస్టు బస్సులా ముందుభాగం నిటారుగా ఉండేది క్లాస్ ఎ. వ్యాన్‌లోనే మంచం, పొయ్యి ఇరికించింది క్లాస్ బి. డ్రైవర్ నెత్తిమీద అటకలా పక్క ఉండేది క్లాస్ సి.

అమ్మానాన్న, మీరిద్దరు, ఇద్దరు పిల్లలు అయితే క్లాస్ సి, 25 అడుగుల దగ్గరది చూడండి. 30 అడుగుల పైన ఉన్నది తీసుకుంటే లోపల సుఖమే గానీ పార్కింగ్ దొరక్క ఏడుస్తారు. పిల్లలు అటక మీదికి ఎక్కేస్తారు, దింపడమే కష్టం. పెద్దవాళ్లకి వెనకాల మంచం ఇవ్వండి. ఆ మంచానికి రెండువైపులా దిగే దారి ఉందో, ఒక పక్క గోడకి ఆనించి ఉందో బుక్ చేసేముందు ఫొటోలో చూసుకోండి. రాత్రి రెండుసార్లు లేచే మనిషి గోడవైపు పడుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు.

నడపడానికి వేరే లైసెన్స్ కావాలా? మా నాన్నగారు ఊళ్లో లారీలు నడిపారు, ఆయన నడపొచ్చా?

అద్దెకిచ్చే మోటర్‌హోమ్‌లకి మామూలు కారు లైసెన్స్ చాలు. కనీస వయసు కొన్ని కంపెనీల్లో 21, కొన్నింటిలో 25. అగ్రిమెంట్‌లో పేరు రాయించుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ స్టీరింగ్ ముట్టుకోకూడదు. నాన్నగారి అనుభవం గొప్పదే, కానీ ఎడమవైపు స్టీరింగ్, కుడివైపు రోడ్డు, కొండదారి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఆలోచిస్తే ఆయన్ని పక్కసీట్లో కూర్చోబెట్టి మ్యాప్ చూడమనడమే మేలు. మా నాన్న ఆ పని ఎంత శ్రద్ధగా చేశారంటే, ప్రతి స్పీడ్ బోర్డూ పైకి చదివి వినిపించారు.

ఇంకొకటి. బండి కదులుతున్నంతసేపు అందరూ సీట్లో బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. "ఇంట్లోనే కదా, కాస్త నడుం వాలుస్తాను" అని అమ్మ అంటుంది. కుదరదని ముందే చెప్పి ఉంచండి. ఏడుగురు పడుకోవచ్చని రాసి ఉన్నా బెల్టులు ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టుకోండి.

అంత పెద్ద బండి నడపడం భయం కాదా?

మొదటి గంట భయమే. ఆర్టీసీ బస్సు కంటే చిన్నదే, కానీ మనం రోజూ నడిపేది కామ్రీ కదా. మూడు విషయాలు అలవాటైతే చాలు.

మొదటిది వెనక తోక. వెనక చక్రాల తర్వాత కూడా బండి చాలా పొడుగు ఉంటుంది. కుడివైపు తిప్పితే ఆ తోక ఎడమవైపుకి విసురుతుంది. పెట్రోల్ బంకుల్లో స్తంభాలకి గీసుకునేది అక్కడే. రెండోది ఎత్తు. క్లాస్ సి బండ్లు 11, 12 అడుగుల దాకా ఉంటాయి. మీ బండి ఎత్తు ఒక కాయితం మీద రాసి డ్యాష్‌బోర్డ్‌కి అంటించండి. కాఫీకోసం డ్రైవ్‌త్రూలోకి తిప్పబోయే క్షణంలో అది కనపడాలి. పైకప్పు దెబ్బతింటే చాలా కంపెనీల ఇన్సూరెన్స్‌లో రాదు. మీ సొంత కారు పాలసీ గానీ, క్రెడిట్ కార్డు కవరేజీ గానీ అద్దె ఆర్‌వీకి వర్తించకపోవడం మామూలే, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మూడోది దిగుడు. కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే కాలిన వాసన వస్తుంది. కింది గేరులో వేసి ఇంజిన్‌నే ఆపనివ్వండి.

వెనక్కి పెట్టేటప్పుడు ఒకరు దిగి చూడాల్సిందే. చేతులూపే మనిషి మీకు అద్దంలో కనపడేచోట నిలబడాలి. భార్యాభర్తలకి పెళ్లయ్యాక అసలు పరీక్ష ఇదేనని మా ఆవిడ అంటుంది.

కారు, హోటల్ కంటే చవక పడుతుందా?

పడదు. చవక అనుకుని వెళ్లేవాళ్లకి నేను వద్దనే చెబుతాను.

అద్దె ఒక్కటే చూసి మోసపోకండి. చాలాచోట్ల మైలుకి ఇంత అని వేరే తీసుకుంటారు. జెనరేటర్ వాడితే గంటకింత, దుప్పట్లకి, గిన్నెలకి ఇంత. ఆపైన క్యాంప్‌సైట్ అద్దె. పెట్రోల్ సంగతి సరేసరి. గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు ఇస్తే గొప్ప. పార్కులో తిరుగుడుతో కలిపి మాకు దాదాపు 900 మైళ్లు అయ్యాయి, అంటే ఒక వంద గ్యాలన్లు.

మరి ఎందుకు తీసుకోవాలంటే, బాత్రూమ్ వెంట వస్తుంది, వంటిల్లు వెంట వస్తుంది. షుగర్ ఉన్న మామగారు మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా వేడి అన్నం తిని ఓ అరగంట పడుకోవచ్చు, అదీ కిటికీలోంచి సరస్సు చూస్తూ. ఈ సుఖానికి కట్టే డబ్బు అనుకోండి.

సాల్ట్ లేక్ నుంచి ఏ దారిలో వెళ్లాలి?

హైవే 89 పట్టుకోండి. లోగన్ కాన్యన్, బేర్ లేక్, ఆఫ్టన్, ఆల్పైన్ మీదుగా పార్కులకి దక్షిణాన ఉన్న జాక్సన్ ఊరు. సుమారు 280 మైళ్లు. మ్యాప్ ఐదు గంటలంటే మోటర్‌హోమ్‌కి ఆరున్నర వేసుకోండి.

మొదటిరోజే జాక్సన్ చేరాలనుకోకండి. బండి చేతికొచ్చేసరికే మధ్యాహ్నం అవుతుంది. ఆ తర్వాత కిరాణా కొనాలి, సామాన్లు సర్దాలి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. (మా అమ్మ పెట్టింది. యార్డులో అబ్బాయి ఏమీ అడగలేదు, ఇంతకు ముందు చూసినట్టే ఉన్నాడు.) మొదటి రాత్రి బేర్ లేక్ దగ్గర ఆగండి. నీళ్లలో తేలే సున్నపురాయి పొడి వల్ల ఆ సరస్సు నెమలిపించం రంగులో మెరుస్తుంది. ఒడ్డున గార్డెన్ సిటీలో రాస్ప్‌బెర్రీ మిల్క్‌షేక్ ఫేమస్, తాగి తీరాల్సిందే.

మా మొదటి దెబ్బ తగిలింది ఈ దారిలోనే. లోగన్ కాన్యన్‌లో రోడ్డు మెలికలు తిరుగుతుంది. మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో వెనకాల ధడేల్‌మంది. పై అర తలుపుకి గొళ్లెం వేయడం మర్చిపోయాం. నాలుగు పౌన్ల కందిపప్పు డబ్బా ఎగిరిపడి మూత ఊడింది. సీట్ల కింద, మెట్ల సందుల్లో, బ్రేకు పెడల్ దాకా పప్పే. రోడ్డు పక్కన ఆపి అమ్మ చేటలా ఒక ప్లేటు పట్టుకుని ఏరడం మొదలుపెట్టింది. యాత్ర అయిపోయేదాకా రోజూ పొద్దున్నే ఓ గుప్పెడు ఏరుతూనే ఉంది. బయల్దేరే ముందు అరలు, ఫ్రిజ్ తలుపు, మెట్టు, పైన కిటికీ, నీళ్ల పైపు, కరెంటు వైరు, ఈ ఆరూ చూసుకోవాలి. ఒకరు చదవాలి, ఇంకొకరు చేత్తో ముట్టుకుని చూడాలి. కళ్లతో చూస్తే చాలదు.

ఆఫ్టన్‌లో నాలుగు లేన్ల రోడ్డుకి అడ్డంగా వేల ఎల్క్ (పెద్ద దుప్పి) కొమ్ములతో కట్టిన తోరణం ఉంటుంది, దాని కిందనుంచే వెళ్తారు. కొమ్ములు ఏటా వాటంతట అవే రాలేవి, చంపి తెచ్చినవి కావు. ఇది పెద్దవాళ్లకి ముందే చెప్పండి.

ఒక హెచ్చరిక. ఫోన్ మ్యాప్ ఒక్కోసారి ఐడహో వైపునుంచి టీటన్ పాస్ మీదుగా తీసుకెళ్తుంది. దగ్గరే, కానీ అక్కడ వాలు 10 శాతం. మోటర్‌హోమ్‌తో ఆ కొండ దిగే సరదా వద్దు. ఆల్పైన్ నుంచి స్నేక్ నది పక్కనే వచ్చే దారి చక్కగా ఉంటుంది.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి? ఏది ఎన్ని రాత్రులు?

తొమ్మిది రోజులు. బేర్ లేక్ ఒక రాత్రి, జాక్సన్ దాటాక దారిలోనే వచ్చే గ్రాండ్ టీటన్ పార్కులో రెండు, ఎల్లోస్టోన్ నాలుగు, తిరుగుప్రయాణంలో ఒకటి. వారమే ఉంటే టీటన్‌లో ఒక రాత్రి తగ్గించండి గానీ ఎల్లోస్టోన్‌లో తగ్గించకండి. "అదే ట్రిప్‌లో మౌంట్ రష్మోర్ కూడా కొట్టేద్దామా?" అని చాలామంది అడుగుతారు. వద్దు. ఎల్లోస్టోన్‌కి అది ఎంత దూరమో మ్యాప్‌లో చూసుకోండి, మీకే తెలుస్తుంది.

గ్రాండ్ టీటన్‌లో ఏం చూడాలి?

కొండలు. అంతే, అవే చాలు. మామూలుగా పెద్ద కొండకి ముందు చిన్న గుట్టలు ఉంటాయి. ఇక్కడ అవేమీ లేకుండా చదును నేలమీంచి ఒక్కసారిగా 7,000 అడుగులు లేస్తాయి. గ్రాండ్ టీటన్ శిఖరం 13,775 అడుగులు.

పొద్దున్నే ఆక్స్‌బో బెండ్‌కి వెళ్లండి. గాలి లేనప్పుడు నదిలో మౌంట్ మొరాన్ తలకిందులుగా కనపడుతుంది. జెన్నీ లేక్‌లో పడవ అవతలి ఒడ్డుకి తీసుకెళ్తుంది. అక్కడినుంచి హిడెన్ ఫాల్స్‌కి కొంచెం ఎక్కుడు నడక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒడ్డున కూర్చున్నా నష్టం లేదు. జెన్నీ లేక్ పార్కింగ్ తొమ్మిదికల్లా నిండిపోతుంది.

ఎల్లోస్టోన్‌లో అసలు ఏది వదలకూడదు?

1872లో ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కు. లోపలి రోడ్లు 8 అంకె ఆకారంలో 142 మైళ్లు. స్పీడు ఎక్కడా 45 దాటకూడదు, పైగా అడవిదున్నలు రోడ్డు మీద నిలబడితే అవి కదిలేదాకా అందరూ ఆగాల్సిందే. ఒక్కరోజులో ఎనిమిది అంకె చుట్టేద్దామనుకున్న మా మొదటి ప్లాన్ మధ్యాహ్నానికే అటకెక్కింది.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అందరికీ తెలిసిందే. నేలలోంచి వేడినీళ్లు 100 నుంచి 180 అడుగుల దాకా ఎగజిమ్ముతాయి. సుమారు గంటన్నరకోసారి వస్తుంది. కిందటిసారి ఎంతసేపు చిమ్మిందో చూసి తర్వాతి టైము లెక్కగడతారు, విజిటర్ సెంటర్‌లో బోర్డు పెడతారు, ఓ పది నిమిషాలు అటూ ఇటూ. చూసేసి అందరూ కారెక్కుతారు. మీరు ఎక్కకండి. వెనకాల చెక్కబాట మీద నడిస్తే చిన్నాపెద్దా బుగ్గలు ఎన్నో ఉంటాయి. మా మామగారు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ కంటే ఆ పక్కన గుడగుడలాడే బుగ్గ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. "మన పొయ్యిమీద ఎసరులా ఉంది" అన్నారు.

గ్రాండ్ ప్రిస్మాటిక్ స్ప్రింగ్ ఫొటోల్లో మీరు చూసిన నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల గుండం. అంచుల రంగులన్నీ వేడిలో బతికే సూక్ష్మజీవులవి. ఈ పార్కులోనే ఇంకో వేడినీటి బుగ్గలో 1966లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాని పట్టుకున్నారు. దాన్నుంచి తీసిన ఎంజైమ్‌తోనే పీసీఆర్ పరీక్ష తేలికై అందరికీ అందింది. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్‌కి మూలం ఈ పార్కులో ఉందని చెప్పగానే మా నాన్న గుండానికి ఓ నమస్కారం పెట్టారు, వెటకారంగానో భక్తిగానో నాకు తెలియలేదు.

ఎల్లోస్టోన్ నది చెక్కిన కాన్యన్‌లో లోయర్ ఫాల్స్ 308 అడుగులు. ఆర్టిస్ట్ పాయింట్ నుంచి చూడండి, పార్కింగ్ నుంచి నడక తక్కువ, పెద్దవాళ్లకి అనువు. దారిలో హేడెన్ వ్యాలీలో అడవిదున్నల మందలు కనపడతాయి. వెస్ట్ థంబ్‌లో సరస్సు ఒడ్డునే వేడి గుండాలు, చిన్న నడక, జనం తక్కువ.

పార్కు ఉత్తరాన మ్యామత్ హాట్ స్ప్రింగ్స్ బాగుంటుంది గానీ, ఉండడానికి నేను కింద చెప్పబోయే ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు నుంచి దూరం. టైము మిగిలితేనే. లమార్ వ్యాలీ తోడేళ్ల కోసం బైనాక్యులర్ పట్టుకుని తెల్లారకముందే వెళ్లేవాళ్లకి.

పార్కులో షటిల్ బస్సులుంటాయా? ప్రతిచోటికీ మోటర్‌హోమ్ తీసుకెళ్లాలా?

యూటాలోని జయాన్ పార్కులో ఉన్నట్టు ఇక్కడ ఉచిత షటిల్ లేదు. అసలు చిక్కు అదే. మూడు దారులున్నాయి.

ఒకటి, ఆరున్నరకల్లా బయల్దేరి ఒంటిగంటకల్లా తిరిగొచ్చేయడం. గ్రాండ్ ప్రిస్మాటిక్ ఉన్న మిడ్‌వే బేసిన్ పార్కింగ్‌లో పెద్ద బండ్లకి చోటు చాలా తక్కువ, పది దాటితే మర్చిపోండి. రెండు, లాడ్జీల నుంచి పాతకాలపు పసుపు బస్సుల టూర్లు ఉంటాయి, డ్రైవరే కథలు చెబుతాడు. మూడు, రెండోసారి మేం చేసింది. మా బావమరిది కుటుంబం కారులో వచ్చింది. ఇల్లు క్యాంప్‌సైట్‌లో కదలకుండా ఉంది, మేం కారులో విడతలుగా తిరిగాం. తోడు వచ్చే కుటుంబం ఉంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

పగలు చాలా పొడుగని మర్చిపోకండి. జూన్ చివర్లో రాత్రి తొమ్మిదిదాకా వెలుతురుంటుంది. మధ్యాహ్నం తిని, పడుకుని, ఐదింటికి మళ్లీ బయల్దేరితే జనం పల్చబడతారు, దున్నలూ రోడ్డెక్కుతాయి.

మోటర్‌హోమ్‌ని రానివ్వని రోడ్లు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి, బోర్డు చూసేసరికి వెనక్కి తిప్పుకునే చోటుండదు. గ్రాండ్ టీటన్‌లో మూస్-విల్సన్ రోడ్డు, సిగ్నల్ మౌంటెన్ రోడ్డు. ఎల్లోస్టోన్‌లో ఫైర్‌హోల్ కాన్యన్ డ్రైవ్, బ్లాక్‌టెయిల్ ప్లాటో డ్రైవ్. ఇక్కడినుంచి పైకి గ్లేసియర్ పార్కుకి వెళ్దామనుకునేవాళ్లు వినండి. అక్కడి గోయింగ్-టు-ది-సన్ రోడ్డులో కొండభాగం మీదికి 21 అడుగులు దాటిన బండిని ఎక్కనివ్వరు.

క్యాంప్‌సైట్ ఎప్పుడు బుక్ చేయాలి? హుకప్ అంటే ఏమిటి?

హుకప్ అంటే మీ ఇంటికి కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్. మూడూ ఉంటే ఫుల్ హుకప్. ఎల్లోస్టోన్ లోపల ఫుల్ హుకప్ ఉన్నది ఒక్క ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కే. ఎలుగుబంట్ల వల్ల అక్కడ గట్టి గోడల బండ్లనే ఉండనిస్తారు, గుడారాలు కుదరవు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు అదే మంచిది. లోపల పెద్ద క్యాంప్‌గ్రౌండ్లకి ఏడాది ముందునుంచే బుకింగ్ మొదలవుతుంది. సంక్రాంతికి ప్లాన్ చేసి జులైకి దొరకలేదంటే ఎవరూ ఏం చేయలేరు. రద్దయినవి అప్పుడప్పుడూ పడతాయి, రోజూ చూస్తుండండి.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్ లేదు. దానికి దగ్గర మ్యాడిసన్, 16 మైళ్లు, చాలా అందమైన చోటు. కానీ హుకప్ లేదు. కరెంటు లేనిచోట ఏసీ, మైక్రోవేవ్ నడవాలంటే జెనరేటర్ వేయాలి, రాత్రి పూట వేయనివ్వరు. లైట్లు, నీళ్ల మోటారు మాత్రం బ్యాటరీ మీద నడుస్తాయి. అక్కడ జులైలో కూడా రాత్రిళ్లు చలేస్తుంది, ఏసీ గొడవ లేదు. స్వెట్టర్లు కావాలి.

పార్కులో చోటు దొరక్కపోతే వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో ప్రైవేటు ఆర్‌వీ పార్కులున్నాయి. దారిలో ఒక్క రాత్రికైతే కొన్ని వాల్‌మార్ట్ పార్కింగ్‌లలో ఉండనిస్తారు, లోపలికెళ్లి మేనేజర్‌ని అడగాలి.

మొహమాటపడుతూ అడుగుతున్నాను. ఆ టాయిలెట్ ట్యాంక్ ఎవరు ఖాళీ చేస్తారు?

అందరూ మొహమాటపడే అడుగుతారు. జవాబు: మీరే.

బండి కింద మురికినీళ్ల ట్యాంకులు రెండుంటాయి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంక్, స్నానం, సింకు నీళ్లది గ్రే ట్యాంక్. డంప్ స్టేషన్‌లో నేలలో ఒక రంధ్రం ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని లావుపాటి పైపు ఒక చివర బండికి, ఇంకో చివర రంధ్రంలోకి బిగించాలి. ముందు బ్లాక్ వదలాలి, అది పూర్తయ్యాకే గ్రే. సబ్బునీళ్లు వెనకాల వచ్చి పైపుని కడిగేస్తాయి. తిరగేసి చేస్తే ఏమవుతుందో నేను రాయను. ఫుల్ హుకప్ ఉన్నా బ్లాక్ వాల్వ్ ఎప్పుడూ తెరిచి ఉంచకండి. నీళ్లు జారిపోయి గట్టిది అడుగున పేరుకుపోతుంది.

మన అలవాటు ఇక్కడ పనికొస్తుంది. కాయితం తక్కువ, నీళ్లు ఎక్కువ వాడితే బ్లాక్ ట్యాంక్‌కి మంచిది. ఒక మగ్గు పెట్టుకోండి. అలాగే స్నానానికి బకెట్టు, చెంబు. షవర్ వదిలితే ఐదు నిమిషాల్లో వేడినీళ్లు చల్లబడతాయి. మా అత్తగారు అరబకెట్టుతో శుభ్రంగా స్నానం చేసొచ్చి "దీనికేనా ఇంత హైరానా పడుతున్నారు?" అన్నారు.

మన వంట చేసుకోవచ్చా? పోపు వేస్తే అలారం మోగుతుందటగా?

మోగుతుంది. ఎండుమిర్చి చిటపటమనే లోపలే మోగుతుంది, పక్క సైట్ల వాళ్లు తలుపులు తీసి చూస్తారు. అలారం బ్యాటరీ పీకేయకండి, అది ప్రాణాలు కాపాడేది. పోపులు, వేపుళ్లు బయట బల్ల మీద పెట్టుకోండి. కరెంటున్న సైట్‌లో చిన్న ఇండక్షన్ స్టవ్ చాలు. ఇంకా మంచిది, ఇంటినుంచే పులిహోర పేస్టు, వేయించిన పోపు, కందిపొడి తెచ్చుకోవడం.

ఎల్లోస్టోన్ సరస్సు దగ్గర ఎత్తు 7,700 అడుగుల పైచిలుకు. అక్కడ నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో పెట్టిన అన్నం ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది, పప్పు అసలే ఉడకదు. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి, రెండు విజిల్స్ ఎక్కువ వేసుకోండి. చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బితే కంగారుపడకండి, అదీ ఎత్తు వల్లే. ఆవకాయ సీసా మూత తీసేటప్పుడు మాత్రం నూనె పొంగొచ్చు. కింద ప్లేటు పెట్టి, నెమ్మదిగా తిప్పండి.

రాత్రి చలికి పెరుగు తోడుకోదు. తోడేసిన గిన్నెకి టవల్ చుట్టి, వాడి ఆపేసిన ఓవెన్‌లో కాస్త గోరువెచ్చగా ఉండగా పెడితే తెల్లారేసరికి తోడుకుంది.

కిరాణా సాల్ట్ లేక్‌లోనే కొనేయండి, ఆ తర్వాత కొత్తిమీర కనపడదు.

ఎలుగుబంట్లు వస్తాయా?

వాసన ఉంటే వస్తాయి. తిండి, గిన్నెలు, చెత్త, ఖాళీ కూలర్ అయినా సరే, బయట వదలకూడదు. అన్నీ బండి లోపల పెట్టి తలుపేయాలి. గిన్నెలు కడిగిన నీళ్లు చెట్టు మొదట్లో పోయడం మన అలవాటు, అక్కడ నేరం. ఎలుగులకి, తోడేళ్లకి 100 గజాల దూరం, దున్నలకి, ఎల్క్‌లకి 25 గజాలు పాటించాలి. దున్న ఆవులా నెమ్మదిగా మేస్తుంటుంది గానీ గంటకి 35 మైళ్లు పరిగెత్తుతుంది. ఫొటోకోసం "ఇంకొంచెం వెనక్కి జరుగమ్మా" అనకండి.

ఎలుగు కంటే నాకు ఎక్కువ టెన్షన్ వేడి గుండాలతో. చెక్కబాట దాటి ఒక్క అడుగు వేసినా పైపెచ్చు విరిగి కింద మరిగే నీళ్లలో పడొచ్చు. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకి ఆ ఎత్తు ఇబ్బందా?

చాలామందికి మొదటిరోజు కాస్త ఆయాసం, తలనొప్పి. నీళ్లు బాగా తాగించండి, మొదటిరోజు నడకలు పెట్టుకోకండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే డాక్టర్‌ని అడిగాకే టికెట్ కొనండి. మందులు యాత్రకంటే వారం ఎక్కువకి ఉండాలి. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకి ఏం వస్తుందో, ఏం రాదో ముందే చదవండి. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ ఉంది కదా అన్న ధీమా వద్దు. ఫ్రిజ్ చల్లబడ్డానికే గంటలు పడుతుంది, లోపల చిన్న థర్మామీటర్ పెట్టుకోండి.

ఎంట్రీ ఫీజు ఎంత? ఇండియా నుంచి వచ్చినవాళ్లకి వేరేనా?

ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ రెండింటికీ బండికి 35 డాలర్లు, విడివిడిగా. ఇక్కడ నివాసం ఉండేవాళ్లకి ఏడాది పాస్ 80. 2026 జనవరి 1 నుంచి పద్ధతి మారింది. బయటిదేశాల వాళ్లకి ఏడాది పాస్ 250 డాలర్లు. పాస్ లేకపోతే ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్రాండ్ కాన్యన్, జయాన్ లాంటి 11 పార్కుల్లో 16 ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ మామూలు ఫీజు మీద ఇంకో 100. మీ అమెరికా ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి, అమ్మానాన్నలు బండిలో ఉన్నప్పుడు మీ పాస్ ఎలా పనిచేస్తుందో బయల్దేరే వారం పార్కు సైట్‌లో ఒకసారి చదువుకోండి.

మేం గ్రాండ్ కాన్యన్, జయాన్ వైపు వెళ్దామనుకుంటున్నాం. జులైలో అటు బాగుండదా?

ఆ చుట్టు నేను ఏప్రిల్‌కో అక్టోబర్‌కో వదిలేస్తాను. జయాన్‌లో జులై అంటే రెంటచింతల ఎండ. ఇంకా పడమటికి, కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో 1913 జులై 10న నమోదైన 56.7 డిగ్రీలే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. వేసవిలో డెత్ వ్యాలీకి తీసుకెళ్లొద్దని చాలా అద్దె కంపెనీలు అగ్రిమెంట్‌లోనే రాస్తాయి. జయాన్‌కి తూర్పునున్న సొరంగం 1930 నాటిది. 11 అడుగుల 4 అంగుళాలు దాటిన బండ్లని ఇన్నాళ్లూ పర్మిట్ తీసుకుని, ఎదురు ట్రాఫిక్ ఆపి పంపేవారు. 2026 జూన్ నుంచి వాటిని అసలు వెళ్లనివ్వకుండా వేరే దారి పట్టిస్తున్నారు. మీ క్లాస్ సి ఆ ఎత్తు దాటొచ్చు.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ మాత్రం 7,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి వేసవిలోనూ భరించొచ్చు. అక్కడ మన పెద్దవాళ్లకి నచ్చే సంగతి ఒకటుంది. కాన్యన్ లోపలి శిఖరాలకి విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్, కృష్ణ ష్రైన్, రామ ష్రైన్ అని పేర్లు. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1880ల్లో ప్రపంచ మతాల పేర్లు పెట్టే ఆనవాయితీ మొదలుపెట్టారు. అన్నిటికంటే అడుగున ఉన్న నల్లరాయి పేరు విష్ణు షిస్ట్, వయసు 170 కోట్ల ఏళ్ల పైమాట. ఇది వినగానే మా అమ్మ ఎల్లోస్టోన్ నుంచే వచ్చే ఏడాది ప్లాన్ వేసేసింది.

పార్కులో సిగ్నల్ ఉంటుందా? రెండు రోజులు అక్కడినుంచే ఆఫీసు పని చేసుకోవచ్చా?

చాలాచోట్ల ఉండదు. మీటింగ్‌లు పెట్టుకోకండి. మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఏం చూస్తారు?

ట్యాంకులు రెండూ ఖాళీగా ఉండాలి, పెట్రోల్ ఇచ్చినప్పుడు ఎంత ఉందో అంత ఉండాలి, లోపల ఊడ్చి ఉండాలి. లేదంటే డిపాజిట్‌లో కోస్తారు. బండి తీసుకున్న రోజే బయటా లోపలా వీడియో తీసి ఉంచుకోండి, పైకప్పు అంచులతో సహా. చివరి రాత్రి సాల్ట్ లేక్‌కి గంట దూరంలో ఉండండి. పొద్దున్నే డంప్, పెట్రోల్, ఊడ్పు, మూడింటికీ రెండు గంటలు పడుతుంది.

మాకు ఊడ్పు దగ్గరే దెబ్బ పడింది. టార్చి వేసి చూసిన అబ్బాయి డ్రైవర్ సీటు పట్టాల మధ్యనుంచి గుప్పెడు కందిపప్పు తీసి చూపించాడు, క్లీనింగ్ ఫీజు రాశాడు. అమ్మ చెయ్యి చాపి ఆ పప్పు తీసుకుంది. సామాన్ల లిస్టులో చీపురు కూడా రాసుకోండి, వాళ్లిచ్చేది సందుల్లోకి దూరదు.